మీ కంప్యూటర్ తన పేరేమని చెబుతోంది?

తల్లిదండ్రుల సమావేశాల్లో మా కంప్యూటర్ టీచర్లకు ఈ మధ్య తరచూ ఎదురవుతున్న ప్రశ్నలు మూడు ఉన్నాయి. మొదటిది: "విండోస్ 11 అని చెప్పి ల్యాప్‌టాప్ అమ్మారండీ. బాబు వేసుకున్న ఒక సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్ 10 అని చూపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారా?" రెండోది: "ఈ ప్రోగ్రాం మీ సిస్టమ్‌లో పనిచేయదు అని వస్తోంది. కొత్తది కొనాల్సిందేనా?" మూడోది కాస్త కంగారుగా అడిగేది: "పాప హోంవర్క్ కోసం ఏదో వెతుకుతుంటే స్క్రీన్ నిండా ఎర్రగా హెచ్చరిక వచ్చింది. మీ విండోస్ 10 కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటోంది. మాది విండోస్ 10 అని వాళ్లకెలా తెలిసింది?"

మూడు ప్రశ్నలూ దేనికది వేరుగా కనిపిస్తాయి కానీ మూడింటి వెనకా ఉన్నది ఒకటే విషయం. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, తనలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు తనను తాను ఎలా పరిచయం చేసుకుంటుందన్నది. అది అర్థమైతే మొదటి ప్రశ్నలో అనుమానం తీరుతుంది, రెండోదాంట్లో కొన్నిసార్లు డబ్బు మిగులుతుంది, మూడోదాంట్లో భయం పోతుంది.

ఎవరి తరఫు?

విండోస్, మ్యాక్ ఓఎస్, లినక్స్, ఫోన్లలో ఆండ్రాయిడ్ - ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌లే. మనం ఒక ప్రోగ్రాం తెరిచినప్పుడు అది చాలాసార్లు ముందుగా వేసే ప్రశ్న: "నువ్వెవరు? ఎన్నో వెర్షన్?" ఈ ప్రశ్నకు కారణం ఉంది. కొన్ని సౌకర్యాలు కొత్త వెర్షన్లలోనే ఉంటాయి. అవి లేని చోట ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయే కంటే, ముందే అడిగి తెలుసుకోవడం మేలు. సిస్టమ్ బదులుగా ఒక అంకె చెబుతుంది. ఉదాహరణకు విండోస్ 10 చెప్పే అంకె 10.0.

పెళ్లికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర "ఎవరి తరఫండీ?" అని అడుగుతారు. "పెళ్లికొడుకు తరఫు" అని లోపలికి వెళ్తాం. అక్కడ ఎవరూ ఆధార్ కార్డు అడగరు. సాధారణ ప్రోగ్రాంలకు సిస్టమ్ ఇచ్చే జవాబు కూడా అలాంటిదే. అది సర్టిఫికెట్ కాదు, నోటి మాట. పైగా సిస్టమ్ తయారుచేసినవాళ్లే కొన్నిసార్లు కావాలని వేరే అంకె చెప్పిస్తారు. ఎవరినో మోసం చేయడానికి కాదు, మన పాత ప్రోగ్రాంలు ఆగిపోకుండా ఉండడానికి.

ఆరడుగుల మనిషిని ఆపేసిన లెక్క

విండోస్ పెట్టె మీద ఉండే పేరు ఒకటి, ప్రోగ్రాంలకు అది లోపల చెప్పే అంకె మరొకటి. 2001లో వచ్చిన ఎక్స్‌పీ తన అంకె 5.1 అని చెప్పేది. దాని తర్వాత వచ్చిన విస్టా 6.0. చుక్కకు ముందున్నది పెద్ద మార్పు, తర్వాతది చిన్న మార్పు.

ఎక్స్‌పీ రోజుల్లో రాసిన కొన్ని ప్రోగ్రాంలు ఇలా తనిఖీ చేసేవి: మొదటి అంకె 5 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, రెండో అంకె 1 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. వినడానికి సబబుగానే ఉంది కదా! ఇప్పుడు దీన్ని ఎత్తు కొలిచే లెక్కగా మార్చి చూడండి. ఒక ఉద్యోగానికి కనీసం 5 అడుగుల 1 అంగుళం ఎత్తు కావాలన్నారు. కొలిచే మనిషి అడుగులు విడిగా, అంగుళాలు విడిగా చూస్తున్నాడు. సరిగ్గా 6 అడుగులున్న యువకుడు వచ్చాడు. అడుగులు 6, పరవాలేదు. అంగుళాలు సున్నా. "ఒక్క అంగుళమైనా లేదు, నువ్వు పనికిరావు, వెళ్లు" అన్నాడట! విస్టాకు జరిగింది ఇదే. అందులో అన్ని సౌకర్యాలూ ఉన్నా, 6.0 అన్న అంకె చూసి కొన్ని ప్రోగ్రాంలు "ఎక్స్‌పీ లేదా అంతకంటే కొత్తది కావాలి" అని ఆగిపోయేవి.

2009లో విండోస్ 7 వచ్చింది. పేరులో 7 ఉన్నా ప్రోగ్రాంలకు అది చెప్పిన అంకె 6.1. విస్టా మీద సరిగ్గా నడుస్తున్న ప్రోగ్రాంలు మొదటి అంకె మారితే బెదిరిపోతాయని మైక్రోసాఫ్ట్ దాన్ని 6 దగ్గరే ఉంచింది. విండోస్ 8 వచ్చాక 6.2, 8.1కి 6.3. అంటే పెట్టె మీద పేర్లు మారుతున్నా లోపల అంకె ఒక్కో అంగుళమే పెరుగుతూ వచ్చింది.

ఇది కొత్త అలవాటేమీ కాదు. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5.0లో సెట్‌వర్ అనే ఒక కమాండే ఉండేది. ఏ ప్రోగ్రాం అడిగితే దానికి ఏ వెర్షన్ నంబరు చెప్పాలో పట్టికగా రాసిపెట్టుకోవడమే దాని పని. విండోస్ 95 విషయంలో ఇంకా తమాషా జరిగింది. దాని అసలు వెర్షన్ 4.0. కానీ విండోస్ 3.1 కాలం నాటి ప్రోగ్రాంలు అడిగితే మాత్రం 3.95 అని చెప్పేది. ఎందుకంటే ఆ రోజుల్లో జవాబు వచ్చే తీరులో రెండో అంకె ముందు, మొదటి అంకె వెనక ఉండేవి. ఆ సంగతి పట్టించుకోని ప్రోగ్రాంలు మొత్తాన్ని ఒకే సంఖ్యగా చదివి పోల్చేవి. అంటే అడుగుల కంటే అంగుళాలకు ఎక్కువ విలువ ఇచ్చినట్టు. విండోస్ 3.1 చెప్పే అంకె 3.10, అందులో అంగుళాలు 10. కొత్తగా వచ్చిన 4.0లో అంగుళాలు సున్నా. ఆ ప్రోగ్రాంల దృష్టిలో కొత్త విండోస్ పాతదానికంటే పొట్టి! అందుకని 3.95 అనిపించారు. అడుగులు పాతవే, అంగుళాలు మాత్రం దండిగా.

మన దగ్గర ఇంజనీరింగ్ చదివిన తల్లిదండ్రుల్లో చాలామంది ల్యాబుల్లో టర్బో సీ వాడి ఉంటారు. డాస్ కోసం తయారైన ఆ సాఫ్ట్‌వేర్‌ను కొత్త విండోస్‌లో నడపడానికి డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం వాడేవారు, ఇప్పటికీ వాడేవారున్నారు. అసలక్కడ డాస్ అన్నదే లేదు. అయినా టర్బో సీ అడిగితే డాస్‌బాక్స్ "నేను డాస్ 5.0" అంటుంది. టర్బో సీ నమ్ముతుంది. మీ ప్రోగ్రాం నడుస్తుంది.

ఈ తిప్పలు యాపిల్‌కూ తప్పలేదు. మ్యాక్ సిస్టమ్ దాదాపు ఇరవై ఏళ్లు 10 అన్న మొదటి అంకె దగ్గరే ఉండిపోయింది. 2020లో బిగ్ సర్ వచ్చినప్పుడు 11 అయింది. పాత పద్ధతిలో తయారైన ప్రోగ్రాంలు అడిగితే మాత్రం 11 అని కాక 10.16 అని చెప్పేలా పెట్టారు. మీ ఇంట్లో 11, 12 తరగతుల్లో పైథాన్ చదివే పిల్లలుంటే, ప్లాట్‌ఫామ్ అనే మాడ్యూల్ తెచ్చుకుని సిస్టమ్ పేరు అడిగి చూడమనండి. విండోస్ మీద విండోస్ అనే వస్తుంది. మ్యాక్ మీద మాత్రం మ్యాక్ అని కాక "డార్విన్" అని వస్తుంది. దాని లోపలి భాగానికి యాపిల్ పెట్టుకున్న పేరది.

షాపువాళ్లు మోసం చేశారా?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. విండోస్ 8.1 నుంచి మైక్రోసాఫ్ట్ ఒక కొత్త పద్ధతి పెట్టింది. ప్రోగ్రాం తన వెంట తెచ్చుకునే వివరాల చీటీలో "నాకు 8.1 తెలుసు" అని రాసి ఉంటేనే సిస్టమ్ తన అసలు అంకె చెబుతుంది. ఆ మాట లేకపోతే 6.2 అని, అంటే విండోస్ 8 అని చెప్పి ఊరుకుంటుంది. విండోస్ 10లోనూ ఇదే పద్ధతి కొనసాగింది. పరిచయం లేనివాళ్లకు పాత పేరే చెప్పడం అన్నమాట.

2021 అక్టోబర్‌లో విండోస్ 11 విడుదలైంది. అది ప్రోగ్రాంలకు చెప్పే అంకె ఎంతనుకుంటున్నారు? 11.0 కాదు, విండోస్ 10 చెప్పే 10.0నే. రెండింటికీ తేడా తెలిపేది బిల్డ్ నంబరు అనే ఇంకో సంఖ్య. అది 22000 లేదా అంతకంటే ఎక్కువైతే విండోస్ 11, తక్కువైతే విండోస్ 10. అంతే కాదు, విండోస్ 11 లోపల సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉత్పత్తి పేరు అన్న చోట ఇప్పటికీ "విండోస్ 10" అనే రాసి ఉంటుంది. బయటి సాఫ్ట్‌వేర్ ఆ పేరు చదివి తెర మీద చూపిస్తే, నిజమైన విండోస్ 11 కంప్యూటర్ కూడా విండోస్ 10 లాగానే కనబడుతుంది. బాబు చూసింది బహుశా ఇదే.

నిర్ధారించుకోవడానికి అరనిమిషం చాలు. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిష్‌లో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని వరసగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తెరుచుకునే కిటికీలో బిల్డ్ అని ఉన్న చోట సంఖ్య చూడండి. 22631, 26100 వంటివి కనిపిస్తే మీది విండోస్ 11. 19045 కనిపిస్తే అది విండోస్ 10. అలా వస్తే అప్పుడు బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి.

కొత్తది కొనాల్సిందేనా?

"సరిపడదు" అన్న మాట వెనక రెండు రకాల కారణాలుంటాయి. వాటిని విడదీసి చూడకుండా డబ్బు ఖర్చు పెట్టవద్దని మా సలహా.

మొదటి రకం, పైన చెప్పుకున్న ఎత్తు కొలిచే మనిషి లాంటిది. ప్రోగ్రాంకు కావలసినవన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి, అంకె మాత్రమే దానికి నచ్చలేదు. పాత విద్యా సీడీలు, టైపింగ్ నేర్పే పాత ప్రోగ్రాంల విషయంలో ఇది ఎక్కువ. దీనికి విండోస్‌లోనే మందుంది. ఆ ప్రోగ్రాం మీద మౌస్ కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, కంపాటిబిలిటీ అనే పేజీలో విండోస్ 7 అనో ఎక్స్‌పీ అనో ఎంచుకోండి. ఇక ఆ ఒక్క ప్రోగ్రాం ఎప్పుడు అడిగినా సిస్టమ్ ఆ పాత పేరే చెబుతుంది. పాత యాంటీవైరస్‌లకు, డిస్కును సరిచేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఈ చిట్కా వాడకండి. అవి సిస్టమ్ లోతుల్లో చేయిపెట్టేవి. తప్పుడు పేరు నమ్మి పనిచేస్తే డేటా పోవచ్చు.

రెండో రకం నిజమైన కొరత. క్రోమ్ బ్రౌజర్‌నే తీసుకోండి. 2023 మొదట్లో వచ్చిన 110వ వెర్షన్ నుంచి దానికి కనీసం విండోస్ 10 ఉండాలి. విండోస్ 7 ఉన్న కంప్యూటర్ చేత ఏ పేరు చెప్పించినా ఉపయోగం లేదు. ఫోన్లలోనూ అంతే. ప్రతి ఆండ్రాయిడ్ వెర్షన్‌కూ పేరుతో పాటు లోపల ఇంకో అంకె ఉంటుంది. ఆండ్రాయిడ్ 10కి 29, ఆండ్రాయిడ్ 14కి 34. యాప్ తయారుచేసినవాళ్లు కనీసం ఏ అంకె కావాలో రాసిపెడతారు. ప్లే స్టోర్ దాన్ని మీ ఫోన్ అంకెతో పోల్చి చూస్తుంది. తక్కువైతే యాప్ వేసుకోనివ్వదు. అలాంటప్పుడు బయటి సైట్ల నుంచి ఆ యాప్ ఫైలు దించుకుని ఫోన్‌లో వేయాలని చూడకండి. ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ అప్‌డేట్ ఏదైనా వచ్చి ఉందేమో చూడండి. అదే యాప్‌కు వెబ్‌సైట్ ఉంటే దాన్ని బ్రౌజర్‌లో తెరిచి వాడుకోండి. ఫోన్ మార్చే ఆలోచన ఆ తర్వాతే.

విండోస్ 11 వేసుకోవడానికి కూడా నిజమైన షరతులున్నాయి. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఇక్కడ అడిగేది నోటి మాట కాదు, ఒంట్లో ఉన్న అవయవాలను. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారికి అదనపు అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చే పథకం ఒకటి ఉంది, దానికి విడిగా నమోదు చేసుకోవాలి. గడువు దాటగానే కంప్యూటర్ ఆగిపోదు. కానీ అందులో బ్యాంకు పనులు, ఫీజుల చెల్లింపులు చేస్తుంటే మాత్రం అప్‌డేట్లు లేని సిస్టమ్ మంచిది కాదు. ఒట్టి టైపింగ్ సాధనకు, పైథాన్ నేర్చుకోవడానికి అయితే పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి వాడుకోవచ్చు. అది ఉచితం.

వాళ్లకెలా తెలిసింది?

ఇక మూడో ప్రశ్న. మీరు ఏ వెబ్‌సైట్ తెరిచినా, పేజీ పంపమని అడిగేటప్పుడే మీ బ్రౌజర్ తన గురించి ఒక వాక్యం చెబుతుంది. దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. విండోస్ మీద క్రోమ్ చెప్పే వాక్యంలో వరసగా మొజిల్లా, విండోస్ ఎన్‌టీ 10.0, యాపిల్‌వెబ్‌కిట్, గెకో లాంటిది, క్రోమ్, సఫారీ అన్న పేర్లన్నీ ఉంటాయి. ఇన్ని ఎందుకంటే, ఒకప్పుడు నెట్‌స్కేప్ బ్రౌజర్ తనను మొజిల్లా అని చెప్పుకునేది. కొన్ని సైట్లు మంచి పేజీలు మొజిల్లాకే పంపేవి. తర్వాత వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ "నేనూ మొజిల్లానే" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్రౌజరూ ముందువాళ్ల పేర్లన్నీ తగిలించుకుంటూ పోయింది. ఊరంతటితో చుట్టరికం చెప్పుకునే మనిషి లాగా!

ఇందులో ఎంత నమ్మవచ్చు? విండోస్ 10 అయినా 11 అయినా వాక్యంలో ఉండేది 10.0నే. యాపిల్ సొంత చిప్ ఉన్న కొత్త మ్యాక్ మీద కూడా క్రోమ్ "ఇంటెల్ మ్యాక్, 10.15.7" అంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ కంపెనీ ఫోనైనా, ఏ వెర్షనైనా "ఆండ్రాయిడ్ 10, కె" అనే చెబుతుంది. మనుషుల కదలికలను ఈ వివరాల సాయంతో వెంబడించకుండా ఉండాలని బ్రౌజర్ కంపెనీలే ఇలా కుదించాయి. కావలసిన సైట్లు విడిగా అడిగితే క్రోమ్ ఇంకొన్ని వివరాలు చెబుతుంది. ఫైర్‌ఫాక్స్ ఆ పద్ధతి పెట్టుకోలేదు.

మీరే పరీక్షించి చూడొచ్చు. ఫోన్‌లో క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, "డెస్క్‌టాప్ సైట్" ఎంచుకోండి. పరీక్షా ఫలితాల సైట్లు ఫోన్‌లో సరిగ్గా కనబడనప్పుడు చాలామంది చేసే పనే ఇది. ఆ క్షణం నుంచి మీ ఫోన్ ఆ సైటుకు "నేను లినక్స్ కంప్యూటర్‌ని" అని చెబుతోంది. సైటు నమ్మి పెద్ద పేజీ పంపుతోంది.

కాబట్టి ఆ ఎర్రటి హెచ్చరిక పేజీకి "విండోస్ 10" అన్న మాట మీ కంప్యూటర్ లోపల వెతికితే దొరకలేదు. పేజీ అడగగానే మీ బ్రౌజరే చెప్పింది, లోకంలో ప్రతి సైటుకూ చెప్పినట్టే. మీ ఊరు, ఇంటర్నెట్ కంపెనీ పేరు కూడా కనిపించాయంటే అవి ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామాను బట్టి తెలుసుకున్నవి. మీ ఫైళ్లను అది చూడలేదు, వైరస్ కోసం గాలించలేదు. గాలించే వీలు మామూలు వెబ్ పేజీకి ఉండదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని ఆ కంపెనీయే స్పష్టంగా చెబుతోంది. నంబరు ఉందంటే అది మోసం. దీనికి ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

పేజీ స్క్రీన్ అంతా ఆక్రమించి, సైరన్ మోగిస్తూ, మూసేందుకు వీల్లేకుండా ఉంటే ఎస్కేప్ మీటను కొద్దిసేపు అలాగే నొక్కి పట్టుకోండి. పూర్తి స్క్రీన్ నుంచి బయటికి వస్తుంది. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు ఎంచుకుని "ఎండ్ టాస్క్" నొక్కండి. బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటారా అని అడిగితే వద్దనండి. ఈ నాలుగు మాటలు పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. ఇలాంటి పేజీ వస్తే, తామేదో తప్పు చేశామని, అమ్మానాన్నలు తిడతారని భయపడి వాళ్లే ఆ నంబరుకు ఫోన్ చేసే ప్రమాదం ఉంది.

ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి, అవతలివాళ్లు చెప్పిన ప్రోగ్రాం వేసుకుని ఉంటే వెంటనే వైఫై ఆపేయండి. ఆ ప్రోగ్రాం తీసేసి, కంప్యూటర్‌ను తెలిసినవారికి చూపించేవరకు అందులో బ్యాంకు పనులు చేయకండి. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి. డబ్బు పోయి ఉంటే మీ బ్యాంకుకూ, జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కీ ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.